చిన్నపిల్లలు చిక్కులు ఎలా విప్పుకుంటారు, పోలికలు ఎలా పట్టుకుంటారు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు ఆరేడేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో అమ్మానాన్నలు, మామ్మలు, తాతయ్యలు, అంగన్‌వాడీ టీచర్లు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నింటికి సాగుతుంది. తిప్పి తిప్పి నేను చెప్పేది మాత్రం ఒకటే: జవాబు అందించడం కాస్త తగ్గించండి, రెండు వస్తువులు పక్కపక్కన పెట్టి "ఈ రెండిట్లో ఒకేలా ఉన్నదేంటి?" అని అడగండి, అడిగాక ఆగండి. ఆ ఆగడమే మనకి కష్టం.

సమస్య పరిష్కారం అంటే లెక్కలూ పజిళ్ళూనా?

కాదండి. పిల్లకి ఏదో కావాలి, మధ్యలో అడ్డం ఉంది, ఆ అడ్డం దాటే దారి తనే వెతుక్కోవాలి, అంతే. మంచం కిందకి దొర్లిన బంతిని చీపురుతో లాగడం, అరుగు ఎక్కలేక పీట ఈడ్చుకురావడం, డబ్బా మూత రాకపోతే తెచ్చి మీ చేతిలో పెట్టడం కూడా (మనిషిని సాయం అడగొచ్చు అని తెలియడం చిన్న విషయం కాదు). మనం అల్లరి అని కసురుకునే పనుల్లో చాలావరకు ఇవే ఉంటాయి, కాబట్టి కసిరే ముందు వాడు ఏం సాధించాలని చూస్తున్నాడో ఒక్క క్షణం గమనించండి.

ఇది ఏ వయసులో మొదలవుతుంది?

మనం అనుకునేదానికంటే చాలా ముందే. రెండు మూడు నెలల పిల్లల కాలికి రిబ్బన్ కట్టి, రెండో కొస ఉయ్యాల పైన వేలాడే బొమ్మలకి కడితే, కాలు ఆడిస్తే బొమ్మలు కదులుతున్నాయని కాసేపట్లోనే కనిపెట్టి జోరుగా తన్నడం మొదలుపెడతారు. కరోలిన్ రోవీ-కోలియర్ అనే సైకాలజిస్ట్ 1960ల చివర్లో ఇది గమనించి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి దానిమీదే పనిచేసింది.

తర్వాతి మెట్టు మీరు ఇంట్లోనే చూడొచ్చు. ఏడెనిమిది నెలల పాప ముందు తువ్వాలు పరిచి, చేతికి అందనంత దూరంలో దానిమీద బొమ్మ పెట్టండి. ఆరు నెలలప్పుడు తువ్వాలుతో ఆడుకుంటూ ఉంటే బొమ్మ దగ్గరికి రావడం ఎక్కువగా యాదృచ్ఛికంగానే జరుగుతుంది. ఎనిమిది నెలలకి చూపు బొమ్మ మీదే ఉంచి తువ్వాలు లాగుతారు, బొమ్మ చేతికి రాగానే తువ్వాలు సంగతి మర్చిపోతారు. అంటే తువ్వాలు దారి, బొమ్మ గమ్యం అని వాళ్ళకి తెలిసింది. పీటర్ విలాట్స్ 1999లో ప్రచురించిన పరిశోధన దీనిమీదే.

పోలిక పట్టడం అంటే ఏంటి? సమస్యలకీ దానికీ సంబంధం ఏంటి?

ఒకచోట పనికొచ్చిన దారిని ఇంకోచోట గుర్తుపట్టి వాడుకోవడం. అలా పట్టుకోవాలంటే పైకి కనిపించే రూపాన్ని దాటి, లోపల ఏది దేనికి ఎలా ముడిపడి ఉందో చూడాలి. పంటు మీద గోదావరి దాటడమూ బస్సులో రావులపాలెం వెళ్ళడమూ చూడ్డానికి ఒకేలా ఉండవు, కానీ ఎక్కడం, టిక్కెట్టు కొనడం, కూర్చోవడం, అవతల దిగడం రెండిట్లోనూ ఒకటే. దాన్ని పట్టుకున్న పిల్లకి మొదటిసారి రైలెక్కినా బెరుకు తక్కువ. అమెరికాలో డెడ్రె గెంట్నర్ 1983లో ఇదే విషయాన్ని ఒక సిద్ధాంతంగా చెప్పింది: మంచి పోలిక వస్తువులకీ వస్తువులకీ మధ్య కాదు, సంబంధాలకీ సంబంధాలకీ మధ్య ఉంటుంది.

డీఎస్సీ, టెట్ చదివినవాళ్ళకి స్విట్జర్లాండ్ సైకాలజిస్ట్ పియాజే పేరు కంఠతా వచ్చు, కానీ ఆయన రాసుకున్న ఈ ముచ్చట చాలామంది దాకా రాలేదు. ఆయన కూతురు లూసియెన్‌కి అప్పుడు పదహారు నెలలు. అగ్గిపెట్టెలో సన్నటి గొలుసు పెట్టి, చిన్న సందు మాత్రం వదిలి ఇచ్చాడు. వేలు పట్టట్లేదు. పాప ఆగింది, ఆ సందుని పరీక్షగా చూసింది, చూస్తూ తన నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ ఇంకా పెద్దగా తెరిచింది, ఇంకా పెద్దగా తెరిచింది. ఆ తర్వాత వేలు సందులో పెట్టి పెట్టెను లాగి తెరిచి గొలుసు తీసుకుంది. మాటలు సరిగ్గా రాని పిల్ల, పెట్టె తెరుచుకోవడాన్ని తన నోటితో ఆలోచించింది! పోలిక అంటే ఏంటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఏడాది పిల్లలు కూడా ఈ పని చేస్తారని 1997లో జె చెన్, ఆయనతో పనిచేసినవాళ్ళు చూపించారు. అడ్డం తీసి, గుడ్డ లాగి, తాడు పట్టుకుని బొమ్మని అందుకోవడం ఒకసారి తల్లో తండ్రో చేసి చూపిస్తే, రంగులూ బొమ్మలూ మారిపోయిన కొత్త అమరికలో కూడా పదమూడు నెలల పిల్లలు అదే దారి పట్టారు. పది నెలల పిల్లలకి మాత్రం రెండూ చూడ్డానికి బాగా దగ్గరగా ఉంటేనే కుదిరింది.

మా పాప చందమామని చూసి దోసె అంటుంది. దీన్ని తెలివనుకోవాలా, ముద్దు మాట అనుకోవాలా?

రెండూను. మూడేళ్ళ పిల్లలు ముందు రూపం పట్టుకుంటారు, అది సహజం. గెంట్నర్ తన పరిశోధనలో మేఘం స్పాంజిలాంటిదని ఎందుకంటారని అడిగితే, చిన్నపిల్లలు "రెండూ గుండ్రంగా మెత్తగా ఉంటాయి" తరహా జవాబులిచ్చారు, పెద్దవాళ్ళు "రెండూ నీళ్ళు పట్టుకుని తర్వాత వదులుతాయి" అన్నారు. రూపం నుంచి సంబంధం వైపు జరిగే ఈ మార్పు కొన్నేళ్ళ మీద, నెమ్మదిగా వస్తుంది.

అయితే దీన్ని వయసుకి కట్టేసి "ఇంకా చిన్నది, దానికేం తెలుస్తుంది" అనేయకండి. ఉషా గోస్వామి, ఆన్ బ్రౌన్ 1990లో ప్రచురించిన పరిశోధనలో బొమ్మలు చూపించి అడిగారు: చాక్లెట్, కరిగిన చాక్లెట్... మరి మంచుబొమ్మకి ఏది? కరగడం అంటే ఏంటో తెలిసిన చిన్నపిల్లలు, మూడు నాలుగేళ్ళవాళ్ళు కూడా, కరిగిన మంచుబొమ్మనే చాలావరకు ఎంచుకున్నారు. ఆ సంబంధం ముందే తెలిసి ఉంటే వయసు పెద్ద అడ్డం కాదు. మన పిల్లలకి మంచుబొమ్మ తెలియకపోవచ్చు, పాలల్లో బెల్లం కరగడం తెలుసు, బోదెలోంచి నీళ్ళు చేలోకి మళ్ళడం తెలుసు, రొయ్యల చెరువులో ఏరియేటర్లు ఎందుకు తిరుగుతాయో కొందరికి తెలుసు. తెలిసినదాన్నుంచి మొదలుపెట్టండి. పాప చందమామని దోసె అన్నప్పుడు "అవునా, దోసెని కొంచెం కొంచెం తినేస్తే ఎలా ఉంటుంది, నెలవంకలా ఉంటుందా?" అని ఒక అడుగు ముందుకి వేయండి. దిద్దాల్సిన అవసరం ఏం లేదు.

పోలికలు తప్పుగా పడితే? మొక్కకి ఆకలేస్తుంది, సూర్యుడు పడుకున్నాడు అంటుంటాడు.

మొక్కకి ఆకలేస్తుంది అన్నది నిజానికి బాగా ఆలోచించిన మాట. జపాన్‌లో కయోకో ఇనగాకి, గియూ హతానో ఐదారేళ్ళ పిల్లలతో పనిచేసి చెప్పిందేంటంటే, పిల్లలు తమకి బాగా తెలిసిన మనుషుల్ని ఆధారం చేసుకుని తెలియని ప్రాణుల గురించి ఊహిస్తారు, ఆ ఊహలు చాలాసార్లు సరిగ్గానే ఉంటాయి. నీళ్ళు పొయ్యకపోతే చచ్చిపోతుంది, మరీ ఎక్కువ పోసినా మంచిది కాదు, ఇవన్నీ ఆ ఊహలోంచే వస్తాయి.

పోలిక ఎక్కడ ఆగిపోతుందో చూపించడం మన పని. "మరి మొక్కకి నోరేది? అన్నం ఎటునుంచి తింటుంది?" అనండి చాలు, వాడే వేర్ల దాకా వెళ్తాడు. భూమి గుండ్రంగా ఉంటుందని చెబితే అట్టులాగా గుండ్రంగా, బల్లపరుపుగా ఊహించుకునే పిల్లలు ఉంటారని స్టెల్లా వోస్నియాదూ, విలియం బ్రూవర్ 1992లో రాశారు. మనం చెప్పింది వాళ్ళు వినకపోవడం వల్ల కాదు, ముందే తెలిసిన దానిలో ఇరికించుకోవడం వల్ల అలా జరుగుతుంది. గోళాన్ని చేతికివ్వాలి, దానిమీద చీమని పాకించి చూపించాలి.

కథలు చెబితే ఇది పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ కథ చెప్పేసి ఊరుకుంటే సరిపోదు. 1984లో కీత్ హోలియోక్, ఆయన సహచరులు చిన్నపిల్లలకి ఒక భూతం కథ చెప్పారు. ఆ భూతం ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి నగలు మార్చాలి. ఒక కథలో మంత్రదండంతో రెండో సీసాను దగ్గరికి లాక్కుంటుంది, ఇంకో కథలో మాయతివాచీని గొట్టంలా చుట్టి అందులోంచి నగలు దొర్లిస్తుంది. కథయ్యాక పిల్లలకి గోళీలున్న గిన్నె ఒకటి దగ్గర, ఖాళీ గిన్నె ఒకటి అందనంత దూరంలో పెట్టి, లేచి వెళ్ళకుండా గోళీలు అందులో వెయ్యమన్నారు. పక్కన కర్ర ఉంది, మందపాటి కాగితం ఉంది. కర్ర కథ విన్నవాళ్ళకి దారి తేలిగ్గా తట్టింది. తివాచీ కథ విన్న చిన్నపిల్లలకి కాగితం చుట్టాలని తట్టడం కష్టమైంది, ఎందుకంటే తివాచీకీ కాగితానికీ పోలిక పైకి అంతగా కనపడదు.

ఇలాంటి కథలతోనే ఆన్ బ్రౌన్, మేరీ జో కేన్, కేథరిన్ ఎకోల్స్ 1986లో చూపించింది ఇంట్లో బాగా పనికొస్తుంది. కథ అయ్యాక "ఎవరికి ఇబ్బంది వచ్చింది? ఏం కావాలి? ఏది అడ్డం వచ్చింది? ఎలా దాటింది?" అని అడిగితే, కథలోని దారిని పిల్లలు కొత్త సమస్యలోకి తెచ్చుకోవడం బాగా పెరిగింది. కుండలో అడుగున ఉన్న నీళ్ళ కోసం కాకి రాళ్ళు వేసిన కథ మీ పిల్లలందరికీ తెలుసు. "నీతి ఏంటి?" అని అడిగే బదులు "రాళ్ళు వేస్తే నీళ్ళు ఎందుకు పైకొచ్చాయి, మన బిందెలో చెయ్యి పెడితే కూడా అలాగే వస్తాయా?" అని అడిగి చూడండి.

పొడుపు కథలు ఇప్పటి పిల్లలకి పనికొస్తాయా?

చాలా. నా మటుకు నాకు, పోలికల ఆలోచనకి తెలుగువాళ్ళ ఇంట్లో ఉన్న అసలైన పరికరం ఇదే, పైగా పైసా ఖర్చు లేదు.

ఒక మామ్మగారు కరెంటు పోయినప్పుడు అరుగు మీద ఇద్దరు మనవల్ని కూర్చోపెట్టుకుని "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం, ఏంటో చెప్పండర్రా" అన్నారు. నాలుగేళ్ళవాడు తలెత్తి కొబ్బరిచెట్టు వైపు చూసి "ఎవరు కట్టారు మామ్మా? పడిపోదా?" అన్నాడు. వాడికి అది నిజంగా పొట్లమే. ఏడేళ్ళది కాసేపు పెదాలు కదుపుతూ కూర్చుంది: మిఠాయి అంటే తీపి, పైన ఉండే తీపి... "తేనెపట్టు!" అని అరిచింది. మామ్మగారు అక్కడితో ఆపలేదు, చిన్నవాడిని దగ్గరికి తీసుకుని "పొట్లంలో ఏముంటుంది నాన్నా? తేనెపట్టులో ఏముంటుంది? రెండూ విప్పితే ఏమవుతుంది?" అంటూ జతలు కలిపించారు. చివరికి వాడు "రెండిట్లోనూ తీపి దాక్కుంది" అన్నాడు. నాలుగేళ్ళకి అది పెద్ద మాట.

చిన్నవాళ్ళకి విప్పు కూడా చెప్పేసి, ఎందుకో కలపమనండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" అని చెప్పి, కళ్ళు ఆర్పి చూపించి, "ఇవి తలుపులెలా అయ్యాయి?" అని అడిగితే మూడేళ్ళ పిల్ల కూడా ఆటలోకి వస్తుంది. ఐదారేళ్ళు దాటినవాళ్ళని సొంతంగా కట్టమనండి, పంటు మీద, లాకు మీద, కొబ్బరికాయ మీద. కట్టాలంటే ఆ వస్తువు ఏం చేస్తుందో ఆలోచించక తప్పదు.

నేను చేసి చూపించాలా, వదిలెయ్యాలా?

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కొన్ని పనులు చూపిస్తే తప్ప రావు. సారా బెక్, ఆమె సహచరులు 2011లో ఒక నిలువు గొట్టం అడుగున చిన్న బకెట్ పెట్టి, తిన్నటి తీగ ఇచ్చి బకెట్ తీయమన్నారు. తీగ కొస వంచి కొక్కెం చెయ్యాలని ఐదేళ్ళలోపు పిల్లల్లో చాలా కొద్దిమందికే తట్టింది, ఎనిమిదేళ్ళకి ఎక్కువమందికి తట్టింది. విచిత్రం ఏంటంటే, ఒక్కసారి కొక్కెం చేసి చూపిస్తే చిన్నవాళ్ళు కూడా చాలావరకు వెంటనే చేసేశారు. చెయ్యడం వచ్చు, కొక్కెం కావాలన్న ఆలోచన దగ్గరే చిక్కుంది. మీ పెరట్లో మునక్కాడలు కోసే దోటి ఉంటే, పిల్లాడి చేతికి తీగ ఇచ్చే ముందు దోటి కొసని దగ్గర్నుంచి చూపించి "ఇది కాడని ఎలా పట్టుకుంటోంది?" అని అడగండి. అప్పుడు చేసి చూపించినట్టూ కాదు, గాలికి వదిలేసినట్టూ కాదు.

ఇంకోవైపు, మరీ చూపిస్తే వెతకడం మానేస్తారు. ఎలిజబెత్ బోనవిట్జ్ బృందం 2011లో చాలా పనులు చేసే ఒక బొమ్మని పిల్లలకి ఇచ్చారు. "ఈ బొమ్మ ఇలా పనిచేస్తుంది" అని ఒక్క పని టీచర్‌లా చూపిస్తే పిల్లలు ఆ ఒక్కదాన్నే ఎక్కువగా చేశారు. అనుకోకుండా మోగినట్టు చూపిస్తే మిగతావి కూడా వెతికారు. టీచర్ చూపించింది కాబట్టి ఇక ఏం లేదనుకున్నారు పాపం, అది తెలివైన ఊహే.

మధ్యదారికి డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో ఒక పేరు పెట్టారు, ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా. తడబడితే సాయం ఒక మెట్టు పెంచడం, కుదిరితే ఒక మెట్టు తగ్గించడం. ముందు ఊరుకోండి, తర్వాత "ఇంకెలా చెయ్యొచ్చు?" అనండి, ఆ తర్వాత సరైన వస్తువు కంటికి కనపడేలా జరపండి, చెయ్యి పట్టుకుని చేయించడం అన్నిటికంటే ఆఖరున.

నిన్న చేసింది ఇవాళ రావట్లేదు. వెనక్కి వెళ్తున్నాడా?

టెన్షన్ పడకండి. రాబర్ట్ సీగ్లర్ ఏళ్ళ తరబడి చూసి చెప్పిందేంటంటే, ఒకే పిల్లాడి దగ్గర ఒకే సమయంలో నాలుగైదు పద్ధతులు ఉంటాయి. ఇవాళ వేళ్ళు లెక్కపెడతాడు, రేపు గుర్తున్నది చెబుతాడు, ఎల్లుండి మళ్ళీ వేళ్ళే. పాతది తగ్గుతూ కొత్తది పెరుగుతుంది, ఒక్క రోజులో మారిపోదు.

కొన్నిసార్లు వెనకడుగు అనిపించేది నిజంగా ముందడుగు. అనెట్ కార్మిలాఫ్-స్మిత్, బార్బెల్ ఇన్‌హెల్డర్ 1974లో పిల్లలకి చెక్కముక్కలిచ్చి సన్నటి పట్టీ మీద నిలబెట్టమన్నారు. కొన్నిటికి ఒక కొసలో కనపడకుండా బరువు దాచారు. నాలుగైదేళ్ళవాళ్ళు చేతికి ఎటు ఒరుగుతోందో చూసుకుంటూ అన్నిటినీ నిలబెట్టేశారు. ఆరేళ్ళవాళ్ళు మాత్రం చెక్క నడిమధ్యలోనే ఆనించాలని పట్టుబట్టి, పడిపోతుంటే "ఇది నిలబడదు" అని పక్కన పెట్టేశారు. వాళ్ళ బుర్రలో అప్పుడు ఒక సూత్రం తయారైంది, మధ్యలో పెడితే నిలుస్తుంది అని, దాన్నే నమ్మారు. ఎనిమిది తొమ్మిదేళ్ళకి సూత్రంలో బరువు కూడా చేరింది. మీ ఊళ్ళో ఇంకా కావడి మోసేవాళ్ళు ఎవరైనా ఉంటే పిల్లలకి చూపించండి, ఒక బుట్ట బరువైతే బద్దని భుజం మీద ఎటు జరుపుతారో చూడమనండి.

పెద్దమ్మాయి గింజుకుంటుంటే చిన్నవాడికి చటుక్కున తడుతోంది, ఎందుకు?

ఏ వస్తువు దేనికో అన్న ముద్ర, ఉదాహరణకి పెట్టె అంటే వస్తువులు పెట్టుకోవడానికే అన్నది, కాస్త పెద్ద పిల్లలకి బలంగా ఉంటుంది. టిమ్ జర్మన్, మార్గరెట్ డిఫైటర్ 2000లో చేసిన ప్రయోగంలో, వస్తువులు నింపి ఇచ్చిన పెట్టెని ఎత్తు కోసం వాడుకోవాలని ఆరేడేళ్ళ పిల్లలకి ఆలస్యంగా తట్టింది, ఐదేళ్ళవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. పెద్దమ్మాయిని చిన్నవాడితో పోల్చి మందలించకండి.

చుట్టుపక్కల దొరికేవాటితో ఏం ఆడించాలి?

బురదా నీళ్ళూ, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని. మా వీధిలో కుళాయి దగ్గర ఐదేళ్ళ పిల్లాడొకడు కారుతున్న నీళ్ళకి మట్టికట్ట వేశాడు. నీళ్ళు నిండి పక్కనుంచి గండి కొట్టాయి. అక్కడ మట్టి వేశాడు, ఇంకోచోట గండి. రెండు చేతులతో అదిమాడు, చేతులు తీస్తే మళ్ళీ గండి. గొంతుకూర్చుని నీళ్ళనే చూస్తూ కాసేపు ఉన్నాడు. లేచి వెళ్ళి అరటి బోదె దగ్గర ఎండిన దొప్ప ఒకటి పీక్కొచ్చి, కట్ట పైభాగంలో గాడి చేసి అందులో పెట్టి చుట్టూ మట్టి మెత్తాడు. నీళ్ళు దొప్పలోంచి బుద్ధిగా జారాయి, కట్ట నిలిచింది. "చేలో తూము" అన్నాడు, ఎవరితోనూ కాదు, తనతోనే. ఎవరైనా మధ్యలో "ఒరేయ్, అక్కడ గొట్టం పెట్టరా" అని ఉంటే ఆ తూము వాడిది అయ్యేది కాదు.

ఇలాంటి పిల్లాడిని ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరికో, మీ దగ్గర్లోని లాకుల దగ్గరికో తీసుకెళ్ళండి. కాటన్ ఆనకట్ట పూర్తయింది 1852లో, ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది, ఆ చరిత్ర వాడికి ఇప్పుడే అక్కర్లేదు. తలుపు దించితే ఇవతల నీళ్ళు పెరుగుతాయి, ఎత్తితే అవతల పెరుగుతాయి, ఇది చూస్తే చాలు. ఇంటికొచ్చాక "కుళాయి దగ్గర నువ్వు కట్టినదానికీ దానికీ ఏది ఏదవుతుంది?" అని అడగండి.

వేసవిలో ముంజకాయలతో బండి చేసుకోనివ్వండి, రెండు కాయలకి పుల్ల గుచ్చితే ఇరుసు ఎందుకు తిరగాలో చేతికే తెలుస్తుంది. ఐదారేళ్ళ తర్వాత పులి-మేక, అష్టాచెమ్మా, వామనగుంటలు: "నేనిలా పెడితే నువ్వెక్కడ పెడతావు?" అన్న ముందుచూపు వాటిల్లో ఉంది. కాలవగట్టు, చేపల చెరువు, రొయ్యల చెరువు దగ్గర మాత్రం పిల్లల్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి, ఇందులో మినహాయింపు లేదు.

ఫోన్‌లో పజిల్ యాప్‌లు, వేలు పోసి కొనే "బ్రెయిన్" బొమ్మలు?

యాప్‌లో ఆట బాగా వస్తే ముఖ్యంగా ఆ యాప్‌లోని ఆటే బాగా వస్తుంది, అది చేతిలోని చిక్కుముడి దాకా తనంతట తానే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది రెండేళ్ళలోపు స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకి రోజుకి గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని. బొమ్మల విషయానికొస్తే, ఒకే పని చేసే ఖరీదైన బొమ్మ కంటే మూతలు, గిన్నెలు, కొబ్బరిచిప్పలు, పురికొస మేలని నా అభిప్రాయం.

బొమ్మ ఇల్లు, మ్యాపు లాంటివి ఎప్పుడు అర్థమవుతాయి?

మూడేళ్ళ దగ్గర ఒక పెద్ద మలుపు ఉంది. జూడీ డిలోచ్ 1987లో ఒక గది, దానికి అచ్చం అలాగే ఉండే చిన్న నమూనా తయారుచేసి, నమూనాలో చిన్న బొమ్మని దాచడం పిల్లలకి చూపించి, పెద్ద బొమ్మ అసలు గదిలో అదే చోట ఉంది వెతకమంది. మూడేళ్ళవాళ్ళు తిన్నగా వెళ్ళి తీశారు. రెండున్నరేళ్ళవాళ్ళకి చాలావరకు కుదరలేదు, నమూనాలో ఎక్కడ దాచిందీ గుర్తున్నా సరే. వాళ్ళకి ఆ చిన్న గది ఒక బొమ్మ మాత్రమే, ఇంకోదాన్ని సూచించేది కాదు. 1997లో అదే బృందం "ఒక యంత్రం గదిని చిన్నగా కుదించేసింది" అని నమ్మిస్తే ఆ రెండున్నరేళ్ళవాళ్ళకే కుదిరింది! కాబట్టి రెండేళ్ళ పిల్లకి చార్టు మీద ఏనుగు చూపించి "అది దీన్ని సూచిస్తుంది" అని ఒత్తిడి చెయ్యకండి, మూడు దాటాక మీ ఇంటి పటం ఇద్దరూ కలిసి ఇసకలో గీయండి.

ఇంట్లో తెలుగులోనే మాట్లాడితే ఇంగ్లీష్ మీడియంలో వెనకబడడా?

ఆలోచన పెరగాలంటే సంబంధాలు చెప్పే మాటలు కావాలి: పైన, కింద, మధ్య, లోపల, ముందు, తర్వాత, ఎందుకంటే, అయినా, లాగా. ఇవి ఏ భాషలో బాగా వస్తే ఆ భాషలో. జెఫ్రీ లోవెన్‌స్టీన్, గెంట్నర్ 2005లో చూసింది ఇదే, రెండు పెట్టెల్లో ఒకే అరలో దాచినదాన్ని వెతికేటప్పుడు "పై అర, మధ్య అర, కింది అర" అన్న మాటలు ముందు విన్న పిల్లలు బాగా వెతికారు. రంగులూ జంతువుల పేర్లూ ఇంగ్లీష్‌లో బట్టీ పట్టించడానికి పెట్టే సమయంలో కొంత ఈ చిన్న మాటలకి ఇవ్వండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంటోంది.

మా బాబు ఆడుకుంటూ తనలో తనే మాట్లాడుకుంటాడు. ఆపించాలా?

వద్దు. రష్యన్ సైకాలజిస్ట్ వైగోట్‌స్కీ చెప్పినట్టు అది పైకి వినపడే ఆలోచన, పని కష్టమైన కొద్దీ ఎక్కువవుతుంది, పెద్దయ్యేకొద్దీ లోపలికి వెళ్ళిపోతుంది. పక్కన కూర్చుని వినండి, ఎక్కడ చిక్కుకున్నాడో వాడే చెబుతుంటాడు.

కొట్లో చిల్లర లెక్క టకటకా చెబుతుంది, స్కూల్లో కూడిక రాదంటారు టీచర్.

అమ్మాయి అబద్ధం కాదు, టీచర్ అబద్ధం కాదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వాళ్ళ సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల్ని పరీక్షించి 2025లో ప్రచురించారు. బజారులో పెద్ద పెద్ద బేరాల లెక్కలు నోటితో చేసేసే పిల్లలు, పుస్తకంలో అంతకంటే తేలికైన లెక్కల దగ్గర ఆగిపోయారు. బజారులో పనిచెయ్యని బడి పిల్లలకి పుస్తకం వచ్చు, బజారు లెక్క రాలేదు. బ్రెజిల్‌లోని రెసిఫేలో 1985లోనే ఇలాంటిది కనిపించింది. రెండు చోట్ల ఉన్నదీ ఒకటే లెక్క అని దానంతట అదే తట్టదు, ఎవరో ఒకరు పక్కపక్కన పెట్టాలి. మీ కొట్లో కొబ్బరికాయల బేరం అయ్యాక అదే లెక్క పలక మీద రాయించి, "ఇందులో ఇచ్చిన నోటు ఏది? తిరిగిచ్చిన చిల్లర ఏది?" అని వేలు పెట్టి చూపించమనండి. తరగతిలో టీచరుగారు కూడా ఇదే తిరగేసి చెయ్యొచ్చు.

ఎప్పుడు డాక్టరుకి చూపించాలి?

పిల్లలందరూ ఒకే రోజున ఒకే పని చెయ్యరు, నెలో రెండు నెలలో అటూ ఇటూ అవడం మామూలే. కానీ ఏడాది దాటినా వేలితో చూపించకపోవడం, పిలిస్తే పలకకపోవడం, పదహారు నెలలకి ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోవడం, ముఖ్యంగా వచ్చిన మాటలూ పనులూ పోవడం కనిపిస్తే "వాళ్ళ నాన్న కూడా లేటుగానే మాట్లాడాడు" అనుకుంటూ కూర్చోకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి, వినపడని పిల్లని మందబుద్ధి అనుకున్న ఇళ్ళు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, బడులకి ఒకసారి వచ్చి పిల్లల్ని ఉచితంగా చూస్తాయి, అవసరమైతే జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తాయి. బృందం ఎప్పుడొస్తుందో మీ ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్‌నో అడగండి, ఆ రోజు పిల్లని మానిపించకండి.